వార్తల్లో పదం: ఐసాక్సజోలిన్

కువైట్‌లోని షువైఖ్ పరిసరములందలి ఇండ్లలో యజమాని కుక్కకు తిండి పెట్టి, వేళకు పిడుదుల బిళ్ల మ్రింగించు పని కడప, గోదావరి ప్రాంతములనుండి వలసవచ్చిన మనవారి మీద పడుటయు కలదు గనుక, ఆ బిళ్లలోని ఐసాక్సజోలిన్ అను ఔషధవర్గమును వారెరిగియుండుట మేలు. బ్రావెక్టో, నెక్స్‌గార్డ్, సింపారికా, క్రెడీలియో అనునవన్నియు ఈ వర్గమునకు చెందినవే. రక్తముతోపాటు ఈ మందును పీల్చిన పిడుదు నాడీకణములందు క్లోరైడు ప్రవహించు ద్వారములు మూసికొనిపోగా, అదుపు తప్పిన నాడీసంచలనముచేత ఆ క్రిమి గిలగిల కొట్టుకొని చచ్చును. శునకముల నాడీద్వారములు దీనికంత సులభముగ లొంగవు. అధికసంఖ్యాకములగు కుక్కలకిది నిరపాయమేయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చెప్పుచున్నది. అయినను, కొన్నింటియందు కండరముల వణకు, తూలుడు, మూర్ఛ కనబడినవనియు, మూర్ఛ ఎన్నడు నెరుగని కుక్కకును అది రావచ్చుననియు ఆ సంస్థయే 2018 సెప్టెంబరులో హెచ్చరించినది.

అంతమాత్రమున బిళ్ల మానిపింపుమని తొందరపడుట నాకు సమ్మతము కాదు. గోడపగుళ్లలో సైతము గ్రుడ్లు పెట్టు గోధుమరంగు పిడుదు ఎర్లికియా జ్వరమును మోసికొనివచ్చును. కుక్క ప్రక్కకొరిగి, కాళ్లు తన్నుకొనుచు చొంగ కార్చినచో, నోట చేయి పెట్టక, ఎంతసేపు కొట్టుకొన్నదో గడియారము చూచి, బిళ్ల ఇచ్చిన తేదీతోసహా పశువైద్యునికి చెప్పవలెను. బ్రావెక్టో బిళ్ల ప్రభావము 12 వారములుండును గనుక, నిన్నమొన్నటి మందును మాత్రమే తలచుకొన్న చాలదు.