గిటారు మీద రంగుల కళ్లు ఎలా పూస్తాయి?

ఎలక్ట్రిక్ గిటారు చెక్క మీద కుంచె వాడకుండా అక్రిలిక్ రంగులు పోసి, చెక్కను అటూ ఇటూ వాల్చి పారించడాన్ని అక్రిలిక్ పోరింగ్ అంటారు. ఈ గిటారులో తీగల కదలికను పికప్ అనే భాగంలోని అయస్కాంతం, రాగి చుట్టలు కలిసి విద్యుత్తుగా మారుస్తాయి. అందువల్ల రంగు పొర ధ్వనిని పెద్దగా మార్చదు.

ముందు చెక్కను గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, రంధ్రాలకు టేపు అంటించాలి. రంగులో పోరింగ్ మీడియం కలిపి, గరిటెతో ఎత్తితే తేనెలా సాగేలా చూడాలి. తర్వాత రంగులన్నీ ఒకే కప్పులో పొరలుగా నింపి, చెక్క మీద పోయాలి.

కళ్లలాంటి గుండ్రని మచ్చలు ఎందుకు వస్తాయి? తెలుపులోని టైటానియం డయాక్సైడ్ నీటికన్నా నాలుగు రెట్లు బరువు. బరువైన రంగు పైన ఉంటే కిందికి దిగుతుంది, తేలికైనది దాన్ని చీల్చుకుని పైకి వస్తుంది. శాస్త్రంలో దీని పేరు రేలీ-టేలర్ అస్థిరత. మెక్సికో చిత్రకారుడు సికీరోస్ 1930లలోనే ఇలా రంగులు పోసి బొమ్మలు వేశాడు.

కుంచె లేకుండా చెక్కకు రంగు వేసే పద్ధతి మరొకటి ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో తరిమెన మీద తిరిగే అంకుడు కర్రకు రంగు లక్క కడ్డీని ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. అక్కడ రంగును చేయి నడిపిస్తే, ఇక్కడ గురుత్వాకర్షణ నడిపిస్తుంది.

పోసిన రంగును ఆరబెట్టడంలోనూ జాగ్రత్త కావాలి. సూర్యాపేట, మిర్యాలగూడ లాంటి చోట్ల మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి పైపొర ముందే ఎండి, లోపలి తడి తర్వాత ఆరేటప్పుడు పగుళ్లు వస్తాయి. అందుకే నీడలో, సమతలంగా ఉంచి ఆరనివ్వాలి. పూర్తిగా ఆరాకే పైన వార్నిష్ వేయాలి.