ఎవరి భారం? ఎవరి బరువు?

అరకు ఘాట్ రోడ్డులో తైడా దాటాక ఒక మలుపు దగ్గర నేను సైకిలు దిగిపోయాను. అప్పుడు సమయం ఉదయం పదకొండున్నర. హ్యాండిలుకు బిగించిన చిన్న మీటరు 81 కిలోమీటర్లు చూపిస్తోంది. తొడలు వణుకుతున్నాయి, నోరు ఎండిపోయింది. ఇక ఒక్క తొక్కుడు కూడా తొక్కలేనని తెలిసిపోయింది. వెనక వస్తున్న వ్యాను ఆగింది. యౌవనస్థులు నా సైకిలును పైకెత్తి కట్టేశారు. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. అరకు లోయకు ఇంకా 34 కిలోమీటర్లు ఉంది.

ఆ 34 కిలోమీటర్ల గురించే ఈ వారం మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

రెండేళ్ల కిందటి మాట ఇది. మా సంఘంలో ఒక తమ్ముడున్నాడు. పేరు ఇక్కడ అవసరం లేదు. కాంట్రాక్టు కార్మికుడు, ఇద్దరు బిడ్డల తండ్రి. రాత్రి షిఫ్టుకు సైకిలు మీద వెళుతుండగా లారీ ఢీకొంది. కుడికాలు మోకాలి పైదాకా తీసేయాల్సి వచ్చింది. విశాఖలో కొండవాలు ఇళ్లు మీకు తెలుసు. కింద రోడ్డు మీద నిలబడి చూస్తే దీపాల వరుసల్లా అందంగా కనిపిస్తాయి. ఆ ఇళ్లకు ఎక్కేవాళ్లకే ఆ మెట్ల సంగతి తెలుస్తుంది. ఆ తమ్ముడి గుమ్మం చేరాలంటే 112 మెట్లు. పరామర్శకు వెళ్లిన ప్రతిసారీ ఆయాసపడుతూ లెక్కపెట్టాను. చంక కర్రలతో అతడు ఆ మెట్లు ఎక్కేవాడు. దిగేటప్పుడు మాత్రం కూర్చుని, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగేవాడు.

మన దేశంలో 1968లో పుట్టిన జైపూర్ పాదం లక్షలాది మందిని నిలబెట్టింది. అది ఉచితంగా కూడా దొరుకుతుంది. అయితే మోకాలి పైన కాలు పోయినవారికి పాదం ఒక్కటే చాలదు, మోకీలు కూడా కావాలి. మెట్ల మీద నమ్మకంగా అడుగు వేయించే మోకీలు కావాలంటే లక్షల్లో ఖర్చు. యౌవనస్థుల కూడికలో ఈ మాట వచ్చినప్పుడు ఒక పిల్లవాడు లేచి, "సైకిలు మీద వెళుతూ కాలు పోగొట్టుకున్నాడు కదా, మనం సైకిలు తొక్కే ఆ కాలు తెద్దాం" అన్నాడు. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు. తొక్కేవాళ్లం పద్నాలుగు మందిమి. ఒక్కొక్కరికీ కొందరు దాతలు, కిలోమీటరుకు ఇంత అని మాట ఇస్తారు.

యాభై ఆరేళ్ల వయసులో నేనూ పేరు ఇచ్చాను. సేవకు వచ్చిన తొలి రోజుల్లో పల్లెపల్లెకూ సైకిలు మీదే తిరిగినవాణ్ణి. ఆ గర్వం నాలో ఉంది. దాన్ని విశ్వాసం అనుకున్నాను.

దాతృత్వానికి దూరాలు

ఇలాంటి యాత్రలు కొత్తవి కావు. 1980లో అమెరికాలో బిల్లీ స్టార్ అనే వ్యక్తి, క్యాన్సరుతో చనిపోయిన తన తల్లిని తలచుకొని, 36 మందితో మసాచుసెట్స్ రాష్ట్రం అడ్డంగా సైకిలు తొక్కాడు. ఆ ఏడాది పోగైంది పదివేల డాలర్ల చిల్లర. ఏటేటా సాగిన ఆ యాత్ర క్యాన్సరు వైద్యానికి, పరిశోధనకు ఇచ్చిన మొత్తం 2024 నాటికి వందకోట్ల డాలర్లు దాటింది.

అంత దూరం వెళ్లనవసరం లేదు. మన హైదరాబాదుకు చెందిన ఆదిత్య మెహతాకు రోడ్డు ప్రమాదంలో కుడికాలు పోయింది. ఆయన కృత్రిమ కాలితోనే సైకిలు ఎక్కి, 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజత పతకాలు గెలిచారు. తరువాత తన పేరిట ఒక ఫౌండేషన్ స్థాపించి, తనలాంటి వికలాంగులకు శిక్షణ ఇప్పించడానికి పూనుకున్నారు. 2020లో సరిహద్దు భద్రతా దళంతో కలిసి ఆ ఫౌండేషన్ నడిపిన యాత్ర కాశ్మీరులో నవంబరులో బయలుదేరి డిసెంబరు 31న కన్యాకుమారి చేరింది. సుమారు 3,800 కిలోమీటర్లు. కాళ్లు, చేతులు పోగొట్టుకున్నవారు కూడా ఆ దూరం తొక్కారు. మా తమ్ముడికి ఆ సంగతి చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆయనకు మెట్లున్నాయా అయ్యగారూ?" అని మాత్రం అడిగాడు.

నిజానికి అవసరంలో ఉన్నవారి కోసం దూర ప్రయాణం చేయడం సంఘ చరిత్ర మొదటి తరంలోనే ఉంది. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం మాసిదోనియ, అకయ సంఘాలు చందా పోగు చేశాయి (రోమా 15:25-27). అపొస్తలుడైన పౌలు ఆ సొమ్ము చేర్చడానికి సముద్రం మీదా, నేల మీదా ప్రయాణం కట్టాడు. ఒంటరిగా వెళ్లలేదు. బెరయ, థెస్సలొనీక, దెర్బే మొదలైన చోట్లవారు అతనితో నడిచారని అపొస్తలుల కార్యములు 20:4 పేర్లతో సహా చెబుతుంది. ఇంతమంది ఎందుకు? ఆ పెద్ద మొత్తం విషయంలో తమ మీద ఎవరూ తప్పు మోపకూడదని, ప్రభువు ఎదుటనే కాదు మనుష్యుల ఎదుట కూడా యోగ్యంగా నడుచుకోవాలని పౌలు జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ 8:20, 21). ఈ వాక్యం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. దాని అర్థం నాకు తెలిసింది మాత్రం వ్యాను దిగిన తరువాతి ఆదివారమే.

చదునైన దారి, ఎక్కుడు దారి

ఆ శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు ప్రార్థన చేసుకొని బయలుదేరాం. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట. అక్కడిదాకా దారి ఇంచుమించు చదునే. ఎదురుగాలి వీస్తోంది. పిల్లలు నాకు ఒక కిటుకు నేర్పారు. ముందు తొక్కేవాడు గాలిని చీల్చుకుంటూ పోతాడు. వాడి చక్రానికి మూరెడు దూరంలో వెనకే వెళితే మనకు శ్రమ ఎంతో తగ్గుతుంది. పది నిమిషాలకు ముందున్నవాడు పక్కకు తప్పుకొని వెనక్కి వస్తాడు, మరొకడు ముందుకు వెళతాడు. అలా వంతులవారీగా గాలిని మోశారు. నా వంతు రానివ్వలేదు. "మీరు వెనకే ఉండండి పాస్టరుగారూ" అన్నారు. ఆ వెనకనే ఉండి, నా బలంతోనే వెళుతున్నాననుకున్నాను.

ఘాట్ మొదలయ్యాక ఆ కిటుకు పనిచేయలేదు. కొండ ఎక్కేటప్పుడు వేగం తగ్గిపోతుంది, గాలి పెద్ద అడ్డంకి కాదు. అడ్డంకి మన సొంత బరువే. ముందు ఎవడున్నా, వెనక ఎవడున్నా, ఎవరి శరీరాన్ని వారే పైకి లాక్కోవాలి.

గలతీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో ఒకదానికొకటి ఎదురు నిలిచినట్టు కనిపించే రెండు మాటలున్నాయి. రెండో వచనం ఒకరి భారాలు ఒకరు భరించమంటుంది, అదే క్రీస్తు నియమమంటుంది. ఐదో వచనం ఎవరి బరువు వారే మోసుకోవాలంటుంది. వేదాంత కళాశాలలో మా గురువుగారు ఇక్కడ రెండు వేర్వేరు గ్రీకు మాటలున్నాయని చూపించారు. మొదటిది 'బారోస్', మనిషిని అణగదొక్కే భారం. ద్రాక్షతోట కూలీలు పగటి ఎండలో భరించిన కష్టానికి మత్తయి 20:12లో వాడిన మాట ఇదే. రెండోది 'ఫోర్టియోన్', ఒకరికి అప్పగించిన సరుకు, మోత. ఓడలోని సరుకుకు కూడా ఇదే మాట (అ.కా. 27:10). 1933 నుంచి ఓడల సరుకు దించుతూ, ఎక్కిస్తూ బతుకుతున్న మన రేవు పట్టణానికి ఈ పోలిక వివరించనవసరం లేదు. ఏ ఓడ సరుకుకు ఆ ఓడే జవాబుదారీ. అయితే ఈ రెండు మాటల మధ్య గీత అన్నిచోట్లా ఇంత స్పష్టంగా ఉండదు. మత్తయి 23:4లో పరిసయ్యులు జనం భుజాల మీద పెట్టిన మోయలేని మోతలకు కూడా 'ఫోర్టియోన్' అనే మాటే ఉంది. కాబట్టి మాటను బట్టి కాదు, సందర్భాన్ని బట్టి అర్థం చూడాలి. ఇక్కడ సందర్భం ఏమిటి? మూడో వచనం, తాను ఏమీ కాకుండానే ఏదో గొప్పవాణ్ణని అనుకొనేవాడు తన్ను తానే మోసపుచ్చుకుంటాడంటుంది. నాలుగో వచనం ఎవరి పనిని వారు పరీక్షించుకోమంటుంది. ఆ తరువాతే వస్తుంది ఐదో వచనం. అంటే ఎవరూ మరొకరి తరపున మోయలేని ఆ బరువు, దేవుని ఎదుట తన పని గురించి తానే నిజమైన లెక్క చెప్పడం.

ఆదివారం జరిగింది

మరునాడు ఆరాధనలో పద్నాలుగు మందికీ దండలు వేశారు. సంఘ పెద్ద మైకు పట్టుకొని, "మన అయ్యగారు ఈ వయసులో అరకు దాకా తొక్కారు" అన్నారు. చప్పట్లు మోగాయి. పిల్లలు నా వైపు చూశారు. వాళ్లెవరూ నోరు విప్పలేదు, నా మీద ప్రేమతో. నేనూ నోరు విప్పలేదు. అది ప్రేమ కాదు.

ఆరాధన అయ్యాక దాతలు వరుసగా వచ్చి సొమ్ము ఇచ్చారు. ఆ వరుసలో చేపలు అమ్ముకొనే ఒక ముసలి తల్లి ఉంది. నా పేరు మీద కిలోమీటరుకు రూపాయి రాయించింది. కొంగు ముడి విప్పి 115 రూపాయలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను. ఆ చేతికి చేపల వాసన. ఆ రాత్రంతా నిద్ర లేదు. ఆమె ఇచ్చిన దానిలో 34 రూపాయలు నావి కావు, ఆ తమ్ముడివీ కావు. నా అబద్ధంతో వచ్చినవి.

మనకు సాకులు దొరకకపోవు. సొమ్ము మంచి పనికే కదా వెళ్లేది? ఎవరికి నష్టం? నిజం చెబితే సంఘం అభాసుపాలు కాదా? నాకు అవన్నీ తోచాయి. ఇంకొకటి మరీ భక్తిగా తోచింది. ఒకరి భారం ఒకరు భరించాలి కదా, నా కొరత పిల్లలు పూడ్చారు, వాళ్లు తొక్కింది నేను తొక్కినట్టే కదా అని. రెండో వచనాన్ని అడ్డం పెట్టుకొని ఐదో వచనం నుంచి తప్పించుకోవాలనుకున్నాను. లేఖనాలు చదువుకున్నవాడికి ఉండే ప్రమాదమిది.

తరువాతి ఆదివారం ప్రసంగానికి ముందే నిలబడి చెప్పాను. "నేను తొక్కింది 81 కిలోమీటర్లు. మిగతా దూరం వ్యానులో వెళ్లాను. పోయిన వారం మౌనంగా ఉండి మిమ్మల్ని మోసపుచ్చాను. నా పేరు మీద ఇచ్చినవారు 34 కిలోమీటర్ల సొమ్ము వెనక్కి తీసుకోవచ్చు." మందిరం నిశ్శబ్దమైపోయింది. అంత బరువైన నిశ్శబ్దం నేను ఎరగను.

ఒక సహోదరుడు వచ్చి తన మిగులు సొమ్ము అడిగి తీసుకున్నాడు. కొందరు గొణిగారు కాని, అతడు చేసింది న్యాయమే. అతడు ఇచ్చిన మాట కిలోమీటర్లకు. మరికొందరు నాతో కొన్ని వారాలు సరిగ్గా మాట్లాడలేదు. అదీ నేను మోయవలసిందే. ముసలి తల్లికి 34 రూపాయలు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయ్యగారూ, నేనిచ్చింది మీ సైకిలుకా, ఆ పిల్లోడి కాలుకా? ఉంచండి" అంది. రెండడుగులు వేసి మళ్లీ తిరిగి, "చెప్పారు, మంచిదైంది. పోయినవారం మీ మొహం బాగాలేదు" అంది.

ఆ సాయంత్రం వ్యాను ఎక్కించిన పిల్లలు మా ఇంటికి వచ్చారు. తాము కూడా నిజం చెప్పకుండా ఊరుకున్నందుకు క్షమాపణ అడిగారు. తప్పిదంలో చిక్కుకున్నవాణ్ణి సాత్వికంతో మంచిదారికి తేవాలని గలతీ 6:1 చెబుతుంది. సేవకుడు ఆ వచనాన్ని ఇతరులకు వర్తింపజేయడమే అలవాటు. ఆ రోజు నేను దాని అవతలి వైపు కూర్చున్నాను.

కాలు వచ్చింది

యాత్రలో పోగైనది, తరువాత మరికొందరు కలిపినది చేర్చి ఆ తమ్ముడికి కాలు అమర్చగలిగాం. అది పెట్టుకున్న వెంటనే గంతులు వేశాడని రాస్తే అది మరో అబద్ధమవుతుంది. తొడ దగ్గర పుండ్లు పడ్డాయి. కొన్ని నెలలు మళ్లీ చంక కర్రలే శరణ్యమయ్యాయి. రెండుసార్లు పడ్డాడు. మెట్ల పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్మీ ఉంటే బాగుంటుందని అతని భార్య అంటే, సంఘంలోని వెల్డింగు పని తెలిసినవాళ్లు ఒక సెలవు రోజున వచ్చి బిగించారు. అది బారోస్, అది పదిమంది మోయగలరు, మోశారు. ఆ కమ్మీ పట్టుకొని రోజూ 112 మెట్లు ఎక్కడం మాత్రం అతనిదే. అది అతని ఫోర్టియోన్. ఇప్పుడు చిన్న దుకాణం పెట్టుకున్నాడు. రోజుకు ఒకసారి దిగి, ఒకసారి ఎక్కుతాడు.

ప్రియ పాఠకులారా, మీ పొరుగున అణగారిపోతున్న భారం ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఆసుపత్రి బిల్లు కావచ్చు, ఉద్యోగం పోయిన ఇల్లు కావచ్చు, మంచం పట్టిన ముసలివారు కావచ్చు. దాన్ని చూసి ఎవరి బరువు వారే మోసుకోవాలని వాక్యం చెప్పి తప్పుకోకండి. మీ వంతు గాలి మీరు మోయండి, వెనకున్నవాణ్ణి కాస్త ఊపిరి తీసుకోనివ్వండి. అలాగే మీరు ఒక్కరే దేవుని ఎదుట చెప్పవలసిన లెక్క ఒకటి ఉంటుంది. ఒక మాట, ఒక అంకె, ఒక మౌనం. దాన్ని ఇతరుల మంచితనం వెనక దాచకండి. ఎంత వరకు తొక్కారో అంతే చెప్పండి. ప్రయాసపడి మోసేవారిని దగ్గరకు పిలిచిన ప్రభువు, తాను ఇచ్చే మోత తేలికైనదని అన్నాడు (మత్తయి 11:28-30). అక్కడ ఉన్న మాట కూడా ఫోర్టియోనే. నిజం చెప్పిన ఆదివారం రాత్రి ఎనిమిది రోజుల తరువాత నాకు నిద్ర పట్టింది. ఆ తేలిక ఎలాంటిదో ఆ రాత్రి కొంచెం తెలిసింది.

వచ్చే జనవరిలో పిల్లలు మళ్లీ బయలుదేరుతున్నారు. ఈసారి నా పేరు శృంగవరపుకోట దాకానే రాయించాను. ప్రభువు మిమ్మల్ని దీవించును గాక.