దగ్గుకు రెండు దేశాల లెక్క

చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్ళిన తెలుగువాళ్ళ నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. పది రోజులుగా దగ్గు తగ్గడం లేదని డాక్టరు దగ్గరికి వెళ్తే మందేమీ రాయకుండా పంపేశారని. తేనె వేసుకోమన్నారు, నీళ్ళు బాగా తాగమన్నారు, మూడు వారాలు దాటినా తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నారు. హైదరాబాదులోనో విజయవాడలోనో అయితే ఇదే దగ్గుకు ఒక యాంటీబయాటిక్, ఒక సిరప్, ఒక అలర్జీ మాత్ర చేతికొచ్చి ఉండేవి. అందుకే అలా వట్టి చేతులతో తిరిగిరావడం నిర్లక్ష్యానికి గురైనట్టే అనిపిస్తుంది. నిజానికి అలా ఆగమనడం వెనక గట్టి శాస్త్రం ఉంది, దాన్ని నమ్మవచ్చు. అయితే ఆ నియమం క్షయ అరుదుగా కనిపించే దేశపు జనాభాను దృష్టిలో పెట్టుకుని చేసినది. మన ఊపిరితిత్తులు పెరిగిన చోటు వేరు. ఆ తేడా డాక్టరుకు తనంత తానుగా తట్టకపోవచ్చు. దాన్ని రోగే నోరు తెరిచి చెప్పాలి.

ఒకే దగ్గుకు రెండు దేశాల్లో రెండు నియమాలు ఉన్నాయి. భారతదేశంలో జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం ప్రకారం దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష చేయించాలి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ సలహా ప్రకారం, ప్రమాద సూచనలేవీ లేకపోతే మూడు వారాలు చూసి ఆ తర్వాత జీపీని, అంటే స్థానిక కుటుంబ వైద్యుణ్ణి, కలవాలి. రెండూ సరైనవే. 2023లో భారత్‌లో లక్ష మందికి సుమారు 195 మంది క్షయ బారిన పడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఆ సంఖ్య లక్షకు పది కూడా లేదు. వైద్యంలో ఏ లక్షణమైనా ఏం సూచిస్తుందో దాని స్వభావాన్ని బట్టే తేలదు. ఆ జబ్బు ఆ జనంలో ఎంత వ్యాపించి ఉందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఇరవై రోజుల దగ్గుతో వచ్చిన లీడ్స్ కుర్రాడిలో వైరస్ వదిలిపోయిన చికాకును మొదట అనుమానించడం సబబు. అదే దగ్గుతో నిరుడు గుంటూరు నుంచి వచ్చిన కుర్రాడిలో ఆ అనుమానం పక్కనే మరొకటి కూడా ఉండాలి.

ముందు ఆ మూడు వారాల సంగతి చూద్దాం. జలుబుతోనో గొంతునొప్పితోనో మొదలైన దగ్గు ఎన్నాళ్ళుంటుందని అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పరిశోధకులు సామాన్యుల్ని అడిగారు. ఏడు నుంచి తొమ్మిది రోజులని సగటున జవాబు వచ్చింది. అదే పరిశోధకులు అంతకు ముందు జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగడితే అసలు సగటు దాదాపు 18 రోజులని తేలింది. 2013లో వెలువడిన ఈ ఫలితం చాలా చిక్కులకు మూలం ఎక్కడుందో చూపిస్తుంది. ఎనిమిదో రోజున మనకు ఓపిక నశిస్తుంది. తొమ్మిదో రోజున యాంటీబయాటిక్ మొదలుపెడతాం. పదిహేనో రోజుకు దగ్గు సహజంగానే నెమ్మదిస్తుంది, ఆ ఘనత మాత్రం మాత్రకు దక్కుతుంది. ‘ఇంటి దగ్గర ఆ మందు వేసుకుంటే ఎప్పుడూ తగ్గేది కదా’ అనే వాదనకు జవాబు ఇదే. వేసుకోకపోయినా తగ్గేదా అన్న ప్రశ్నకు ఒక మనిషి అనుభవంలో జవాబు దొరకదు. మందు ఇచ్చినవాళ్ళను, ఇవ్వనివాళ్ళను పక్కపక్కన పెట్టి చూడాలి.

అలా చూసిన పరీక్ష కూడా ఉంది. 12 యూరప్ దేశాల్లో, న్యుమోనియా అనుమానం లేని 2,061 మంది దగ్గు రోగుల్లో కొందరికి అమాక్సిసిలిన్, మిగిలినవారికి మందులేని ఉత్త మాత్రలు ఇచ్చారు. ఏది ఎవరికి వెళ్ళిందో రోగులకూ డాక్టర్లకూ తెలియదు. ఫలితాలు 2013లో ప్రచురించారు. బాధ ఎన్ని రోజులుందన్న విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జబ్బు ముదరకుండా ఒక్కరిని కాపాడాలంటే 30 మందికి మందు ఇవ్వాల్సి వచ్చింది. అదే మందు 21 మందికి ఇస్తే ఒకరికి వికారమో, విరేచనాలో, దద్దుర్లో అదనంగా వచ్చాయి. ఖర్చు మిగుల్చుకోవడానికే డాక్టర్లు మందు రాయరన్న అనుమానం ఈ లెక్క ముందు నిలవదు. రోగి లాభనష్టాలు మాత్రమే తూచినా జవాబు అదే. ఆయాసం, ఛాతీ నొప్పి, తీవ్ర జ్వరం, కళ్ళెలో రక్తం ఉన్నవారి సంగతి వేరు. నెమ్ము చేసిందేమోనన్న అనుమానం ఉన్నచోట ఎవరూ వారాలు లెక్కపెట్టమనరు. ఆ రోజే చూపించుకోవాలి.

వైరస్ పోయాక కూడా దగ్గు ఎందుకు మిగులుతుంది? శ్వాసనాళాల లోపలి పొర మీద సన్నని నూగు లాంటి శైలికలు ఉంటాయి. అవి నిరంతరం అల్లాడుతూ దుమ్మునూ కఫాన్నీ గొంతు వైపు నెడతాయి. వైరస్ ఆ పొరను అక్కడక్కడా ఒలిచేస్తుంది. పొర కింద వేగస్ నాడి కొసలు విస్తరించి ఉంటాయి. ఏదైనా తగిలితే మెదడు కాండానికి కబురు పంపి దగ్గు పుట్టించేవి ఇవే. రక్షణ పొర చెదిరినందువల్ల, వాపు వల్ల ఈ కొసలు అతిగా స్పందించడం మొదలుపెడతాయి. మామూలు రోజుల్లో లెక్కచేయని చల్లగాలి, అగరుబత్తి వాసన, గట్టి నవ్వు కూడా అప్పుడు దగ్గు తెప్పిస్తాయి. పొర తిరిగి అల్లుకోవడానికీ, నాడులు శాంతించడానికీ వారాలు పడుతుంది. ఆ పనిని తొందరపెట్టే శక్తి ఏ యాంటీబయాటిక్‌కూ లేదు. బ్రిటన్ చలికాలం ఈ దశను ఇంకా విసిగిస్తుంది. బయట చలిగాలి, లోపల హీటర్ వేడికి ఎండిపోయిన గాలి, అద్దె గదుల గోడలకు పట్టిన బూజు. చలి వల్లే జబ్బు వచ్చిందనుకోవడం పొరపాటుగానీ, చలి ఈ దగ్గును రేపుతుందన్న మాట నిజమే. తేనె సలహాను చూసి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఏడాది దాటిన పిల్లలకూ పెద్దలకూ తేనె కొంత ఉపశమనం ఇస్తుందని అక్కడి అధికారిక వైద్య మార్గదర్శకాల్లోనే ఉంది. మన ఇళ్ళలో మిరియాల పాలు చేసే పనీ దాదాపు ఇలాంటిదే. గొంతుకు హాయినిస్తాయి, ఈలోగా శరీరం తన మరమ్మతు తాను చేసుకుంటుంది.

మన ప్రయాణాల్లో సూట్‌కేసులో తప్పకుండా చోటు దొరికేది మందుల సంచికి. పారాసెటమాల్‌తో పేచీ లేదు. లెవోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్ లాంటి ఫ్లోరోక్వినొలోన్ మాత్రలు అందులో ఉంటేనే ప్రమాదం. అవి క్షయ క్రిమిని కూడా కొంత దెబ్బతీస్తాయి, పూర్తిగా చంపేయవు. ఆ మందు వేసుకున్న క్షయరోగికి వారం రోజులు కాస్త నయమనిపిస్తుంది, కళ్ళె పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు, ఆ తర్వాత జబ్బు మళ్ళీ తలెత్తుతుంది. ఈ మందులు ముందుగా వాడినవారిలో క్షయ నిర్ధారణ, చికిత్స సగటున 19 రోజులు ఆలస్యమయ్యాయని పలు అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో తేలింది. ఆ క్రిమి అదే మందుకు లొంగకుండా తయారయ్యే ముప్పు కూడా పెరుగుతుంది. మొండి క్షయకు డాక్టర్లు దాచుకునే ఆయుధాల్లో లెవోఫ్లాక్ససిన్ ఒకటన్నది మనం మరవకూడదు. వైరస్ దగ్గుకు పనికిరాక, క్షయ దగ్గును కప్పిపుచ్చే మాత్ర వల్ల ఏ వైపు నుంచి చూసినా నష్టమే.

మూడు వారాలు దాటాక కథ మారుతుంది. ఎనిమిది వారాల లోపు దగ్గులో ఎక్కువ భాగం వైరస్ మిగిల్చిన చికాకే. కోరింత దగ్గూ ఈ కాలంలోనే బయటపడుతుంది. చిన్నప్పుడు వేసిన టీకా బలం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. 2024లో ఒక్క ఇంగ్లండ్‌లోనే 14 వేలకు పైగా కేసులు ప్రయోగశాలల్లో నిర్ధారణయ్యాయి. దీనికి మొదటి రెండు మూడు వారాల్లోపు యాంటీబయాటిక్ ఇస్తే ఇతరులకు అంటకుండా ఆపవచ్చు, దగ్గు మాత్రం నెలల తరబడి సాగుతుంది. ఇంట్లో పసికందు ఉంటే ఈ అనుమానాన్ని వెంటనే చెప్పాలి. ఎనిమిది వారాలు దాటినదాన్ని దీర్ఘకాలిక దగ్గు అంటారు. పిల్లికూతలు లేకుండా ఉత్త దగ్గుగా కనిపించే ఆస్తమా, గొంతులోకి ఎగదన్నే జీర్ణరసం, ముక్కు వెనక నుంచి కారే ద్రవం దీనికి సాధారణ కారణాలు. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల విషయంలో ఇంకొకటి ముందే చూడాలి. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి మాత్రలు వాడేవారిలో కొందరికి గొంతులో గులగులతో పొడి దగ్గు పట్టుకుంటుంది. ఆ మందులు ఆపే ఎంజైమ్ మామూలుగా బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొడుతుంది. అది విరగక పోగుపడితే దగ్గు నాడులు రేగుతాయి. మాత్ర మొదలుపెట్టిన నెలల తర్వాత కూడా ఇది రావచ్చు. అప్పుడే దేశం మారితే నేరం వాతావరణం మీద పడుతుంది. డాక్టరు సలహాతో టెల్మిసార్టాన్ లాంటి మరో మందుకు మారితే సాధారణంగా కొన్ని వారాల్లో దగ్గు పోతుంది. సిరప్ సీసాలు ఎన్ని ఖాళీ చేసినా పోదు.

ఇక క్షయ. ఇంగ్లండ్‌లో క్షయ సోకినట్టు తేలినవారిలో పదింట ఎనిమిది మంది ఇతర దేశాల్లో పుట్టినవారు. ఆ దేశాల జాబితాలో మొదటి పేరు భారత్‌దే. ‘వీసాకు ముందే ఛాతీ ఎక్స్‌రే తీశారు కదా, నాకెలా వస్తుంది’ అని చాలామంది నిబ్బరంగా ఉంటారు. ఆరు నెలలకు మించి ఉండబోయేవారికి ఆ పరీక్ష తప్పనిసరి, నిజమే. అది ఆ రోజున ఊపిరితిత్తుల్లో చురుగ్గా ఉన్న క్షయను మాత్రమే పట్టుకుంటుంది. ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్రిమి ఎక్స్‌రేలో కనబడదు. అలా క్రిమిని మోస్తున్నవారిలో నూటికి ఐదు నుంచి పది మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు బయటపడుతుంది. క్రిమి సోకిన మొదటి రెండేళ్ళలో ఆ ముప్పు ఎక్కువ. చదువుకునే కాలం సరిగ్గా అదే కావచ్చు. ఇంగ్లండ్‌లోని కొన్ని ప్రాంతాల్లో, మన వంటి దేశాల నుంచి ఐదేళ్ళలోపు వచ్చిన 16 నుంచి 35 ఏళ్ళవారికి నిద్రాణ క్షయ కోసం రక్తపరీక్ష చేస్తారు. పిలుపు వస్తే వదులుకోకూడదు. చిన్నప్పటి బీసీజీ టీకా చర్మపరీక్షను తప్పుదారి పట్టించగలదు గానీ ఈ రక్తపరీక్షను కాదు.

పరీక్షకు వెనకాడటానికి అసలు కారణం చాలామందిలో భయం. గల్ఫ్ దేశాల్లో నివాస అనుమతికి చేసే వైద్య పరీక్షలో క్షయ తేలితే వెనక్కి పంపే పద్ధతి దశాబ్దాలపాటు నడిచింది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఆ అనుభవం తెలిసిన కుటుంబాలు ఉన్నాయి. ఆ భయాన్ని బ్రిటన్‌కు మోసుకెళ్ళనక్కర్లేదు. అక్కడ క్షయకు చికిత్స తీసుకున్నందుకు వీసా పోదు. డాక్టరు ప్రజారోగ్య విభాగానికి తెలియజేస్తారు. అది దగ్గరివాళ్ళను పరీక్షించడానికి, శిక్షించడానికి కాదు. క్షయకు, కోరింత దగ్గుకు పరీక్షా చికిత్సా ఎవరికైనా ఉచితం. వీసా రుసుము మాత్రమే కట్టి చుట్టపుచూపుగా వచ్చిన తల్లిదండ్రులకూ ఇది వర్తిస్తుంది. ఇంగ్లండ్‌లో అలాంటి సందర్శకులకు మామూలు ఆసుపత్రి వైద్యానికి ఎన్‌హెచ్‌ఎస్ ధరకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు కాబట్టి ఈ మినహాయింపు చిన్నదేం కాదు. చికిత్స కూడా మనకు తెలిసినదే, ఇక్కడ వాడే మందులే. అక్కడ మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు రెండు. మందు పనిచేస్తుంటే సాధారణంగా రెండు వారాలకల్లా ఇతరులకు అంటించే స్థితి దాటిపోతుంది.

అక్కడి వ్యవస్థకు లోపాలే లేవని కాదు. జీపీ అపాయింట్‌మెంట్ కోసం పొద్దున్నే ఫోను పట్టుకుని వేచి ఉండాల్సి రావడం, దొరికినా ప్రతిసారీ కొత్త డాక్టరు ఎదురవడం నిజమైన ఇబ్బందులే. రెండోది మరీ ప్రమాదకరం. ఐదో వారంలో చూసిన కొత్త డాక్టరుకు దగ్గు ఎప్పుడు మొదలైందో స్పష్టంగా చెప్పకపోతే, అది రెండో వారపు దగ్గులాగే కనిపించి మళ్ళీ ఆగమనే సలహానే రావచ్చు. మొహమాటం కొద్దీ ‘కొద్దిగా దగ్గండీ’ అని ఊరుకుంటే మనం ఆ అవకాశాన్ని చేతులారా పెంచినట్టే. మొదలైన తారీఖు, రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా, బరువు తగ్గారా, ఇంట్లోవాళ్ళకు ఎవరికైనా క్షయ వచ్చిందా, ఏ దేశం నుంచి ఎప్పుడు వచ్చారు, ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రలేమైనా మింగారా అన్నవి అడగకముందే చెప్పాలి. క్షయ పరీక్ష అవసరమేమో చూడమని నేరుగా అడగడం మర్యాద తప్పడం కాదు. దిగిన వారంలోనే జీపీ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఇంగ్లండ్‌లో దానికి గుర్తింపు కార్డూ చిరునామా రుజువూ తప్పనిసరి కాదు. అపాయింట్‌మెంట్ దొరకనప్పుడు 111 నంబరుకు ఫోన్ చేస్తే ఎంత త్వరగా ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు.

ఇవన్నీ విన్నాక కూడా టికెట్ కొనుక్కుని ఇంటికొచ్చి చూపించుకుంటే పోలేదా అనేవారుంటారు. బీపీ మాత్ర దగ్గుకో ఆస్తమాకో అయితే ఆ ఖర్చు వృథా. అక్కడి వైద్యానికి వీసాతో పాటే రుసుము కట్టేసి ఉంటారు, 2024 ఫిబ్రవరి నుంచి విద్యార్థులకది ఏడాదికి 776 పౌండ్లు. క్షయే అయితే, చికిత్స మొదలవని రోగి గంటల తరబడి మూసిన విమానంలో పక్కసీట్లవారితో కలిసి గాలి పీల్చాల్సి వస్తుంది. మొదలైన చికిత్స మధ్యలో తెగితే క్రిమి మందులకు లొంగని దారి పడుతుంది. నిర్ధారణ అక్కడే చేయించుకుని, మందులు అక్కడే మొదలుపెట్టి, అంటించే దశ దాటాక ఇంటికి రావాలనుకుంటే డాక్టరు రాసిచ్చిన చికిత్స వివరాలు, ప్రయాణానికి సరిపడా మందులు వెంట తెచ్చుకుని ఇక్కడి ప్రభుత్వ క్షయ కేంద్రంలో కొనసాగించవచ్చు.