కొండ గొరిల్లాల దర్శనము

సింహమును, పులిని, ఏనుగును చూడగోరువారు జంతుప్రదర్శనశాలకు పోయి చూచి రావచ్చును. కొండ గొరిల్లాను అట్లు చూచుటకు వీలులేదు. దానిని చూడవలెనన్న ఆఫ్రికా ఖండపు నడుమనున్న కొండలకు పోయి, అడవిలో కాలినడకను వెదకవలసినదే. ఆ యాత్ర యెట్టిదో, దానివలన ఆ మృగమునకును, ఆ యడవిచెంత కాపురముండు జనులకును కలిగిన మేలుకీడు లెట్టివో నేడు మనవి చేసెదను.

రువాండా, ఉగాండా, కాంగో అను మూడు దేశముల పొలిమేరలు కలియు తావున విరుంగా యను అగ్నిపర్వతముల వరుస కలదు. దానికి ఉత్తరముగా ఉగాండాలో బ్విండి యను కీకారణ్యము కలదు. కొండ గొరిల్లాలకు భూమిమీద ఈ రెండు చోట్లే నివాసము. 2015, 2016 సంవత్సరములలో విరుంగా కొండలయందు 604, 2018వ సంవత్సరమున బ్విండి ప్రాంతమున 459 లెక్కకు వచ్చినవి. వెరసి 1063. ఒక చిన్న గ్రామపు జనసంఖ్య యెంతయో, ఆ జాతి యంతయు నంతే.

చూపునకు గొరిల్లా భయంకరముగ నుండును. ఎదిగిన మగది 160 కిలోగ్రాములకు పైబడి తూగును. కోపము వచ్చినప్పుడు చేతులతో ఱొమ్ము చఱచుకొని బెదరించును. అయినను ఆకులు, కాడలు, వెదురు మొలకలే దాని యాహారము. కుటుంబమునకు పెద్ద మగ యొకటి యజమాని. వయస్సు వచ్చినకొలది దాని వీపుపై వెండ్రుకలు వెండివలె మెరయును. ఎటు పోవలెను, ఎచట మేయవలెను, ఎప్పుడు విశ్రమింపవలెను అనునది నిర్ణయించునది అదియే. ప్రతి సాయంకాలమును కొమ్మలు వంచి అవి క్రొత్త పడకలు కల్పించుకొనును. ఆడది సుమారు నాలుగేండ్ల కొక పిల్లను కనును. కావున చచ్చినదాని స్థానము నిండుటకు చాలకాలము పట్టును.

1902వ సంవత్సరమున రాబర్ట్ ఫాన్ బెరింగె యను జర్మను సైనికోద్యోగి ఈ జాతిమృగములను రెంటిని తుపాకితో కాల్చెను. అప్పటినుండియే బయటి లోకమునకు ఇది తెలిసినది. 1921వ సంవత్సరమున కార్ల్ ఏక్‌లీ యను అమెరికావాసి న్యూయార్కు మ్యూజియము కొఱకు కొన్నిటిని చంపెను. పిదప ఆయనయే వీనిని కాపాడవలెనని పట్టుబట్టి పనిచేసెను. 1925వ సంవత్సరమున ఆ కొండలలో రక్షితారణ్య మేర్పడెను. 1967వ సంవత్సరమున డయాన్ ఫాసీ యను స్త్రీ విరుంగాలో కరిసోకె యను శిబిరము నెలకొల్పి, యేండ్లతరబడి గొరిల్లాలచెంత మెలగి, వాని నడవడి లోకమునకు తెలిపెను. 1985 డిసెంబరులో ఆమె తన గుడిసెలోనే హత్యకు గురియయ్యెను.

అప్పటికి అడవికి రెండు విధముల ముప్పు వాటిల్లియుండెను. వేటకాండ్ర ఉరు లొకటి. సాగునకై పశువులకై అడవిని నరుకుట రెండవది. 1981వ సంవత్సరపు లెక్కలో విరుంగా గొరిల్లాలు సుమారు 250 మాత్రమే. అడవివలన దేశమునకు రాబడి కలిగిననే గాని అడవి నిలువదని కొందరు వాదించిరి. ఆ వాదము ననుసరించి 1979వ సంవత్సరమునుండి రువాండాలో యాత్రికులను నియమబద్ధముగ కొనిపోవుట మొదలయ్యెను.

ఇక యాత్ర జరుగు తీరు వినుడు. గొరిల్లాలు మనుష్యుని చూచి పారిపోకుండునట్లు మచ్చిక చేయుటకు రెండేండ్ల వఱకు పట్టును. అడవి కావలివారు తెల్లవాఱుజాముననే పోయి, వెనుకటి రాత్రి పడకలనుండి జాడలు పట్టుకొని పోవుదురు. యాత్రికులు దారి చూపువాని వెంట బురదలో, ఏటవాలున, ముండ్లపొదల నడుమ నడతురు. ఒకనాడు గంటలోనే కనబడవచ్చును. ఒకనాడు అయిదాఱు గంటలు పట్టవచ్చును. ఒక గొరిల్లా కుటుంబమును దినమునకు ఎనమండుగురు మాత్రమే, ఒక్క గంట మాత్రమే చూడవలెను. పదునైదేండ్లు నిండనివారికి ప్రవేశము లేదు. జలుబు, దగ్గు, జ్వరము గలవారిని వెనుకకు పంపుదురు. దూరముగ నిలిచి, ముక్కును నోటిని గుడ్డతో కప్పుకొనవలెను. ఏలయన గొరిల్లా దేహము మన దేహమునకు మిక్కిలి దగ్గఱ. మనకు సామాన్యమైన జలుబు దానికి ప్రాణాంతకము కావచ్చును. మగది మీదికి వచ్చినచో పరుగెత్తక, తల వంచి, కూరుచుండవలెను.

దీనికి రుసుము మిక్కిలి హెచ్చు. రువాండాలో 2017వ సంవత్సరమున దానిని 1500 అమెరికా డాలర్లకు పెంచిరి. ఆ రాబడిలో చుట్టుప్రక్కల గ్రామములకు నూటికి అయిదు వంతున 2005వ సంవత్సరమునుండి ఇచ్చుచుండిరి. 2017లో దానిని పదికి పెంచిరి. ఆ ధనముతో బడులు, వైద్యశాలలు, నీటి తొట్లు కట్టిరి. అడవిదున్నలు పొలములపై పడకుండ రాతిగోడలును లేచినవి.

అయినను లెక్క యంతటితో సరిపోలేదు. 1991వ సంవత్సరమున బ్విండిని రక్షితారణ్యముగ ప్రకటించినప్పుడు, తేనెయు దుంపలును వేటయు నమ్ముకొని తరతరములుగ నచట జీవించిన బట్వా యను అడవిజనులను వెలుపలికి పంపిరి. వారిలో అనేకులకు సెంటు భూమియు దక్కలేదు. గొరిల్లాల కిల్లు నిలిచెను గాని వారి యిల్లు పోయెను. 2020వ సంవత్సరమున అంటువ్యాధి వ్యాపించి యాత్రలు నిలిచినప్పుడు రాబడియు నిలిచెను. ఆ జూన్ మాసమున బ్విండిలో రఫికి యను పెద్ద మగ గొరిల్లా వేటకాని యీటెకు బలియయ్యెను.

శ్రోతలారా! గొరిల్లాల సంఖ్య పెరిగిన మాట నిజము. 2018వ సంవత్సరమున వానిని మిక్కిలి యపాయకరమైన స్థితిలోని జాతుల పట్టికనుండి తొలగించి, అంతకంటె ఒక మెట్టు మేలైన పట్టికలో చేర్చిరి. ఇది కావలివారి శ్రమఫలము; ఆ కొలువులో ప్రాణములు కోల్పోయిన కావలివారు కాంగోలోని విరుంగాయందే 200 మందికి పైగా కలరు. దూరదేశములనుండి వచ్చినవాడు ఒక్క గంట చూచి పోవును. ఆ యడవిని కాచువాడును, దానివలన పైరు నష్టపడువాడును, దానిని విడిచి వచ్చినవాడును అక్కడనే యుందురు. వారికి న్యాయముగ పాలు ముట్టినన్నాళ్ళు ఆ యడవి నిలుచును. పెద్దలగు మీరు ఊరి పొలిమేర తగవులు తీర్చినవారు గనుక ఈ సంగతి మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.