కూతకెళ్లినవాడు తిరిగి రావాలంటే...

గుమ్మలక్ష్మీపురం: సెల్‌ఫోన్లలో, కంప్యూటర్లలో పదిమంది కలిసి ఆడే అంతరిక్ష నౌకల యుద్ధాల్లో ఒక తగాదా ఎప్పుడూ ఉండేదే. దూరం నుంచి నాలుగు దెబ్బలు కొట్టి, ఎదుటివాడు తిరగబడగానే పారిపోయేవాడిని ఏం చేయాలి? మన చెడుగుడు ఈ చిక్కును నేల మీద గీతలతోనే విప్పింది.

కూతకెళ్లినవాడు వెనక్కి రావడం తప్పు కాదు. అసలు ఆటంతా అందులోనే ఉంది. అయితే మధ్య గీత దగ్గర తచ్చాడి వస్తే చెల్లదు. పురుషుల ఆటలో ఆ గీతకు 3.75 మీటర్ల అవతల ఉన్న బాక్ లైన్‌ను ఒక్కసారైనా దాటాలి, లేదా ఎవరినైనా తాకాలి. లేకుంటే అవుట్. గడువు 30 సెకన్లు, ఈలోగా కూత తెగరాదు. 2014లో మొదలైన ప్రో కబడ్డీలోనైతే జట్టు వరుసగా రెండు కూతలు ఖాళీగా వస్తే, మూడోసారి వెళ్లినవాడు పాయింటు తేవలసిందే.

పట్టేవారికీ కట్టడి ఉంది. ఏడుగురూ ఒక్కడి మీద పడవచ్చు గాని నోరు నొక్కి కూత ఆపరాదు, గొంతు పట్టరాదు. కావాలని గీత బయటికి నెట్టినా అతడు అవుట్ కాడు. నలుగురి కింద నలుగుతూనే చేయి చాచి మధ్య గీత ముట్టుకున్నాడా, పట్టినవారంతా అవుట్!

పండుగ పోటీలకు సున్నంతో బరి గీసే కుర్రాళ్లు ఈ బాక్ లైన్‌నే మరిచిపోతుంటారు. సగం జగడాలు అక్కడే పుడతాయి.