సముద్రంలో చుక్క

చమురు ఓడల మీద ఉద్యోగానికి వెళ్ళిన పిల్లల తల్లులు మన మూసారాంబాగ్ వైపు కూడా లేకపోలేదు. అబ్బాయి దగ్గరనుంచి కబురు రాకపోతే, సెల్‌ఫోనులో ఓడ గుర్తు ఎక్కడుందా అని చూసుకుంటారు. ఆ చుక్క కదలకపోతే ఇక అన్నం సయించదు. ఆ చుక్క ఎలా వస్తుందో, దాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పుకుందామా?

ముందు ఓడ సంగతి. పెద్ద రకం చమురు ఓడ పొడవు సుమారు 330 మీటర్లు. మన మెట్రో రైళ్ళు అయిదింటిని వరసగా నిలబెడితే ఇంచుమించు అంత. వెడల్పు 60 మీటర్లు. అందులో 20 లక్షల పీపాలు, అంటే దాదాపు 32 కోట్ల లీటర్ల ముడి చమురు పడుతుంది. నిండా నింపితే నీళ్ళలో 20 మీటర్లకు పైగా మునుగుతుంది. అందుకే విశాఖపట్నంలో ఇంత పెద్ద ఓడను తీరానికి దూరంగా, లోతు నీళ్ళలో బోయాకు కట్టి, సముద్రం అడుగున వేసిన గొట్టాల ద్వారా చమురు తోడుకుంటారు.

ఇలాంటి ఓడల్లో ఎ.ఐ.ఎస్. అనే రేడియో పరికరం ఉంటుంది. ఓడ పేరు, ఉన్నచోటు, వేగం, దిక్కు అదే చెబుతూ ఉంటుంది. 2004 చివరినుంచి దేశాల మధ్య తిరిగే 300 టన్నులు, ఆపైన ఉన్న ఓడలన్నిటికీ ఇది తప్పనిసరి. అయితే భూమి గుండ్రం కదా! ఒడ్డుకు బాగా దూరమయ్యాక ఆ మాట తీరంలోని యాంటెనాకు అందదు. ఉపగ్రహానికి అందినా, ఫోనులో డబ్బు కట్టనివారికి అది కనిపించకపోవచ్చు. అప్పుడు పాత చుక్కే అలా నిలిచిపోతుంది. దొంగల భయం ఉన్నచోట కెప్టెనే పరికరం ఆపవచ్చు. 2025 జూన్‌లో హోర్ముజ్ జలసంధి దగ్గర సంకేతాలు చెడగొట్టినందువల్ల కొన్ని ఓడలు నేలమీద ఉన్నట్టు కనిపించాయి! చేరే రేవు పేరు, తేదీ కూడా ఓడలోనివారు చేత్తో నింపేవే.

కాబట్టి చుక్క పక్కన “ఆఖరి కబురు ఎప్పటిది” అన్నది ముందు చూడండి. ఓడను పేరుతో కాక, 7 అంకెల ఐ.ఎం.ఓ. నంబరుతో వెతకండి. పేరు మారినా, జెండా మారినా ఆ నంబరు మారదు.

పిల్లవాడు బయలుదేరేముందే ఆ నంబరు, కంపెనీవారి ఫోను నంబరు క్యాలెండరు వెనక రాసిపెట్టుకోండి. కబురు ఆలస్యమైతే ముందు కంపెనీని అడగండి. అక్కడ తేలకపోతే ముంబాయిలోని నౌకాయాన డైరెక్టర్ జనరల్ కార్యాలయం ఉంది. చుక్క ఆగినంత మాత్రాన ఓడ ఆగినట్టు కాదమ్మా!