పికప్ బండి యొక ప్రక్కకు ఒరుగుట యేల?

హోసూరు, బాగలూరు, బేరికై ప్రాంతములనుండి తెల్లవారుజామున కూరగాయలు మోసికొని పోవు పికప్ బండ్లను మన విద్యార్థులందరును ఎరుగుదురు. ఆ బండ్లను వెనుకనుండి శ్రద్ధగా చూచినచో కొన్నిటి తొట్టి సమముగా నుండదు. బరువేమియు లేకున్నను కుడికో యెడమకో ఒరిగి యుండును. "కమాను పోయినది" అని యొకరు, "షాక్ అబ్జార్బరు మార్చవలెను" అని యొకరు, "బండి వాటమే యంత" అని మరియొకరు చెప్పుదురు. మన పిల్లలలో ననేకుల యిండ్లు బండి యద్దెమీదనే గడచుచున్నవి. ఒక్కొక్కరి మాటకు వేలకొలది రూపాయలు వ్యయము చేయక పూర్వము, ఈ ఒరుగునకు అసలు కారణమును ఎట్లు కనుగొనవచ్చునో తలిదండ్రులకును విద్యార్థులకును తెలుపదలచితిమి.

కావడి మోయువానిని చూడుడు. రెండు వైపుల బరువు సమానమైనచో కావడిబద్ద నడిమిభాగము భుజముపై నుండును. ఒక వైపు బరువు హెచ్చినచో అతడు భుజమును ఆ వైపునకు జరుపుకొని సమము చేసికొనును. బండికి అట్టి వసతి లేదు. దాని భుజములు, అనగా ఇరుసునకును చట్రమునకును నడుమ నుండు కమానులు, ఉన్నచోటనే యుండును. బరువు ఏ వైపున హెచ్చిన ఆ వైపు కమాను ఎక్కువగా అణగును. బండి ఆ వైపునకు ఒరుగును.

ఎంత అణగును? దీనికి లెక్క కలదు. ఆంగ్లదేశపు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1676లో ఈ సూత్రమును అక్షరములు తారుమారు చేసి పొడుపుకథవలె ప్రకటించి, 1678లో విప్పి చెప్పెను. తమకంటె ముందు పరులు ప్రకటింతురేమో యని ఆ కాలపు పండితులు ఇట్టి జాగ్రత్తలు పడెడివారు. స్ప్రింగుపై బరువు రెట్టింపైనచో దాని అణగుటయు రెట్టింపగును. ఇదియే ఆ సూత్రము. మన ప్రాంతపు పికప్ బండ్లలో పెక్కింటికి, 2011లో వెలువడిన హోసూరు తయారీ దోస్తు బండికి సహా, ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి బిగించిన కమాను కట్టలుండును. షెడ్డులో వానిని ప్లేటు లనినను, బ్లేడు లనినను, పట్టీ లనినను వస్తువొక్కటే.

ఒక లెక్క చేసి చూతము. కుడి యెడమ కమానుల నడుమ దూరము 100 సెంటీమీటర్లనుకొందము. 70 కిలోల డ్రైవరు బండి నడిమిగీతకు 40 సెంటీమీటర్లు కుడిగా కూర్చున్నాడు. త్రాసు లెక్క ప్రకారము అతని బరువులో 63 కిలోలు కుడి కమానులపైనను, 7 కిలోలు మాత్రము ఎడమ కమానులపైనను పడును. ఒక వైపు ముందు వెనుక కమానులు కలిసి 80 కిలోలకు ఒక సెంటీమీటరు అణగునవైనచో, రెండు వైపుల తేడా 0.7 సెంటీమీటరు. మడ్‌గార్డుల నడుమ దూరము 150 సెంటీమీటర్లు గనుక అక్కడ కొలిచినప్పుడు ఆ తేడా ఒక సెంటీమీటరునకు కొంచెము మించును. ఒక్క మనిషి కూర్చున్నంత మాత్రముననే ఇంత కనబడుచున్నది! కావున ఆపాటి ఒరుగును లోపమనరాదు.

ఈ విషయమున అమెరికా దేశపు బండి యొకటి పేరు పొందినది. 1995లో అచ్చట అమ్మకమునకు వచ్చిన టొయోటా వారి టకోమా పికప్ డ్రైవరు వైపునకు కొంచెము ఒరిగి యుండునని దాని యజమానులు బహుకాలముగా చెప్పుకొనుచున్నారు. అచ్చట డ్రైవరు స్థానము ఎడమవైపున. ఆ బండి పెట్రోలు ట్యాంకియు ఎడమవైపుననే. 80 లీటర్ల పెట్రోలు సుమారు 60 కిలోలు తూగును. డ్రైవరును పెట్రోలును ఒకే ప్రక్కన కూర్చున్నారన్న మాట. అచ్చటివారు ఎడమవైపు ముందు చుట్టస్ప్రింగుపై మాత్రము కాలంగుళపు దిమ్మె నొకదానిని చేర్చి సరిచేసికొందురు. స్ప్రింగు అడుగుభాగము చక్రమువద్ద గాక, చక్రమును మోయు దండము నడుమ ఆనియుండుటచే, కాలంగుళపు దిమ్మె బండిని సుమారు అరంగుళము లేపును. తులాదండపు పాఠము చదివినవారికి ఇది వింత గాదు.

మన బండి సంగతికి వత్తము. కొలువక పూర్వము ఏదియు విప్పింపరాదు. మొదట, ఒకే ఇరుసుపై నున్న టైర్లలో గాలి సమముగా నున్నదా? తొట్టిలో మిగిలిన సంచులు, స్టెప్నీ, గొలుసులు ఏ వైపున నున్నవి? తరువాత బండిని కొంచెము ముందుకును వెనుకకును నడిపి, తొట్టిని రెండు మూడు మారులు అదిమి విడువవలెను. పట్టీల నడుమ తుప్పు పట్టినచో కమాను అణగినచోటనే బిగిసికొని అబద్ధపు కొలత చూపును.

ఇక నేల. వాననీరు జారిపోవుటకై రోడ్లను నడుమ ఎత్తుగను అంచులకు వాలుగను వేయుదురు. నూటికి రెండు పాళ్ల వాలున్నచో, చక్రముల నడుమ 140 సెంటీమీటర్ల దూరమున 2.8 సెంటీమీటర్ల తేడా వచ్చును. మనము ఎడమప్రక్కన నడుపుదుము గనుక రోడ్డుపై నిలిపిన బండి ఎడమకు ఒరిగినట్లు కనబడుట సహజము. ఇంటి ముంగిలియు సమమని నమ్మరాదు. తాపీమేస్త్రీలు మట్టము చూచు నీటిగొట్టమును తెచ్చి, దాని రెండు కొనలను రెండు మడ్‌గార్డుల యొద్ద నిలువుగా పట్టినచో రెండింటను నీరు ఒకే మట్టమున నిలుచును. ఆ మట్టమునుండి మడ్‌గార్డు అంచువరకు క్రిందికి ఎంత యున్నదో టేపుతో కొలువుడు. పిమ్మట బండిని త్రిప్పి, చక్రములు అదే చోట నుండునట్లు ఎదురు దిక్కుగా నిలిపి, మరల కొలువుడు. తూర్పు మొగమున కుడివైపు 12 మిల్లీమీటర్లును, పడమటి మొగమున కుడివైపు 4 మిల్లీమీటర్లును పల్లముగా తేలినదనుకొందము. రెంటిని కూడి సగము చేయగా వచ్చు 8 బండి దోషము. ఒకదానినుండి ఒకటి తీసివేసి సగము చేయగా వచ్చు 4 నేల దోషము. సమమైన గచ్చునేల లేనివారికి ఇంతకు మించిన యుపాయము లేదు.

ఖాళీ బండిని డ్రైవరు లేకుండ నొకమారు, బరువును సమముగా సర్ది మరియొకమారు కొలువవలెను. డ్రైవరు దిగగానే ఒరుగు పోయినచో చికిత్స అక్కరలేదు. ఖాళీగను బరువుతోను తేడా ఒక్కటే యైనచో, ఒక వైపు కమాను వంపు తగ్గినదని గ్రహింపవలెను. ఏండ్ల తరబడి మోసిన పట్టీ తన వంపును కోల్పోవును. బరువు పెరిగినకొలది ఒరుగును పెరిగినచో ఆ వైపు కమాను గట్టిదనమే తగ్గినది. పట్టీ యేదో విరిగియుండవచ్చును. దీనిని ఆలస్యము చేయక చూపింపవలెను. పట్టీలను కూర్చు సెంటర్ బోల్టు రంధ్రము బలహీనమైన చోటు. అచ్చటి పగులును బురద కప్పియుంచును.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతి. ఒరిగిన వైపున అదనముగా నొక పట్టీ వేయుట షెడ్లలో సులభచికిత్స. ఖాళీ బండి సమమగును; యజమాని సంతసించి సొమ్ము చెల్లించును. కాని ఆ వైపున ఎత్తు మాత్రమే కాదు, గట్టిదనమును పెరిగినది. ఎడమ కమాను 50 కిలోలకును, పట్టీ చేరిన కుడి కమాను 60 కిలోలకును ఒక్కొక్క సెంటీమీటరు అణగుననుకొనుడు. టొమాటో క్రేట్లు ఎక్కింపగా ఒక్కొక్క కమానుపై 300 కిలోలు పడినవి. ఎడమది 6 సెంటీమీటర్లు, కుడిది 5 సెంటీమీటర్లు అణగును. ఖాళీగా సమముగా నిలిచిన బండి, సరుకెత్తగానే, ఒరుగక తప్పదు. ఈ మారు ఎడమకు! సమముగా నుండవలసినది బరువు మోయునప్పుడే గదా. వంపు పోయిన కమానుకు రెండు వైపుల కట్టలను దింపించి వంపు తిరిగి పెట్టించుట గాని, రెండింటిని క్రొత్తవి వేయించుట గాని తగిన పని. విరిగిన పట్టీ యున్నచో దానికి బదులు అంతే మందము గల పట్టీ వేయవలెను. ఏ లోపమును లేక, డ్రైవరు బరువువలననే ఒరుగు వచ్చుచు, అది కంటికి మరీ రోత యైనచో, ఇరుసునకును కమానునకును నడుమ పలుచని దిమ్మె చాలును. దిమ్మె ఎత్తును పెంచును గాని గట్టిదనమును మార్చదు.

షాక్ అబ్జార్బరు మార్చినచో ఒరుగు పోవునని యాశింపరాదు. నూనెతో పనిచేయు ఆ గొట్టము బండి ఊగుటను అణచును గాని బండి బరువును మోయదు. రబ్బరు బుష్‌ల విషయమున మాత్రము కొంత జాగ్రత్త వలయును. క్రొత్త బుష్ వేసి, చక్రము గాలిలో వ్రేలాడుచుండగానే బోల్టును గట్టిగా బిగించినచో, బండిని దింపిన పిమ్మట రబ్బరు మెలిపడి ఆ ప్రక్కను కొంత పైకి పట్టియుంచును. తానును త్వరగా చిరుగును. బండి బరువు చక్రములపై పడిన తరువాతనే తుది బిగింపు జరుగవలెను.

ఒరిగిన బండితో ప్రమాదమెంత? ఒక సెంటీమీటరుతో భయము లేదు. కాని 160 సెంటీమీటర్ల వెడల్పున 4 సెంటీమీటర్లు ఒరిగినచో, నేలనుండి 2 మీటర్ల ఎత్తున నున్న బరువు 5 సెంటీమీటర్లు ప్రక్కకు జరుగును. నడిమిగీతనుండి చక్రమువరకు ఉన్నది 70 సెంటీమీటర్లే. మలుపున సరుకంతయు ఒరిగిన వైపునకే నెట్టబడునప్పుడు ఈ 5 సెంటీమీటర్లు లెక్కకు వచ్చును. ప్రధానపట్టీ తెగుట ఇంతకంటె చెడ్డది. ఇరుసు ఒక ప్రక్కన వెనుకకు జరిగి బండి వంకరగా నడుచును, బ్రేకు వేసినప్పుడు ప్రక్కకు లాగును. జాతరలకును పెండ్లిండ్లకును ఇవే బండ్లలో జనులను నిలువబెట్టి తీసికొనిపోవుట చట్టవిరుద్ధమని తలిదండ్రులకు తెలియనిది కాదు. త్రాడుతో కట్టిన మూటలు కట్టినచోట నుండును. మనుష్యులో, మలుపు వచ్చినప్పుడు అందరును ఒకే వైపునకు తూలుదురు. బిడ్డలను అట్టి బండి యెక్కింపవలదని మా ప్రార్థన.

కమాను పని జరిగిన పిమ్మట కొన్ని వందల కిలోమీటర్లు నడిచిన తరువాత యు-బోల్టులను మరల బిగింపింపవలెను. పట్టీలు సర్దుకొనగా అవి వదులగును. ఆ దినముననే నాలుగు మూలల కొలతలను తేదీ వేసి నోటుపుస్తకమున వ్రాసి యుంచినచో, ఆరు నెలల తరువాత ఏ మూల ఎంత దిగినదో తెలిసిపోవును. టేపును నీటిగొట్టమును పట్టుకొని ఈ కొలతలు తీయుట ఎనిమిదవ తరగతి విద్యార్థికి సాధ్యమైన పనియే. జాకీపై నున్న బండి క్రింద దూరు పని మాత్రము షెడ్డువారిది.